విస్తరి వేసిన చోట వేట

మోరిస్‌విల్‌లో ఉంటున్న మా అమ్మాయి స్నేహితులు ఈమధ్య నాకు తరచుగా ఫోన్ చేస్తున్నారు. "ఆంటీ, పబ్లిక్ ల్యాండ్‌లో హంటింగ్ ఎలా స్టార్ట్ చేయాలి? యూట్యూబ్‌లో ఒక్కొక్కడు ఒక్కోటి చెప్తున్నాడు" అంటారు. ఒకమ్మాయి అయితే "మీరు జింకల డాక్టర్ కదా ఆంటీ, మీకు తెలియనిది ఏముంటుంది" అంది. తెలుసనే అనుకుంటూ ఉద్యోగమంతా చేశాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక చూసుకుంటే, తెలిసినదానికంటే తలవంచుకోవాల్సిందే ఎక్కువ కనబడుతోంది. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి నాకు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా చెప్పుకునేంత గొప్పవి కావు.

పుణ్యం అనుకున్న పని

రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, పెళ్లి చేసుకుని, భర్త వీసా మీద ఈ దేశం వచ్చాను. ఇక్కడ వన్యప్రాణుల మీద మళ్లీ చదువుకుని, మేముంటున్న రాష్ట్రంలోనే ప్రభుత్వ శాఖలో చేరాను. ఏ రాష్ట్రమో మీకు అక్కర్లేదు.

గుళ్లో ఎవరైనా "మీరేం చేస్తారండీ?" అని అడిగితే "ఫారెస్ట్‌లో అండీ" అనేదాన్ని. "అబ్బ, జంతువులని కాపాడతారన్నమాట! ఎంత పుణ్యమండీ!" అనేవారు. ఆ పుణ్యాన్ని ప్రసాదంలా రెండు చేతులా పుచ్చుకుని పక్కకి జరిగేదాన్ని. నా అసలు పని ఏమిటంటే, ఏ అడవిలో ఈ ఏడు ఎన్ని జింకలు చావాలో లెక్క కట్టడం. వేటగాళ్ల కోసం ప్రభుత్వ భూముల గేట్లు తెరవడం, సరిహద్దు బోర్డులు కొట్టించడం, కొత్తవాళ్లకు క్లాసులు చెప్పడం. అత్తగారింట్లో ఉల్లిపాయ కూడా తినరు. మా ఆయన ఏమీ అనలేదు గానీ, నా బూట్లు మాత్రం ఏనాడూ గరాజ్ దాటి లోపలికి రాలేదు. వేటగాళ్లు లైసెన్సుకు కట్టే డబ్బుతోనే ఆ అడవులు బతుకుతున్నాయని మా అత్తగారికి ఒకసారి చెప్పబోయాను. ఆవిడ "సర్లేమ్మా, చేతులు కడుక్కుని రా" అన్నారు. అప్పుడూ సిగ్గుపడ్డాను. అయితే అది పనికిమాలిన సిగ్గు. నేను రాయబోయేది వేరే సిగ్గు.

నా మొదటి బాస్ వాల్టర్. ఎర్రటి ముఖం, మోకాళ్ల నొప్పులు, నోరు తెరిస్తే వెటకారం. చేరిన మొదటి వారం నన్ను ఆఫీసులో కూర్చోనివ్వకుండా అడవిలో నడిచి రమ్మన్నాడు. సాయంత్రం తిరిగి వచ్చి "ఒక్క జింకా కనబడలేదు" అన్నాను.

"నిన్ను ఎన్ని జింకలు చూశాయో కనుక్కున్నావా?" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. కానీ కొత్తగా వేట మొదలుపెట్టేవాళ్లకు నేను ఇచ్చే మొదటి సలహా ఇవాళ్టికీ అదే. హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయండి, లైసెన్సు తీసుకోండి, ఆ తరువాత మొదటి సీజన్ చేతిలో ఆయుధం లేకుండా నడవండి. గాలి ఎటు వీస్తోందో, ఓక్ కాయలు ఎక్కడ రాలుతున్నాయో, జింకలు ఎటునుంచి ఎటు దాటుతున్నాయో చూడండి. తుపాకీ షాపులో చూపించే ఆత్రం అడవిలో చూపించకండి.

పోరంబోకు కాదు

మనవాళ్లతో ఒక చిక్కుంది. ప్రభుత్వ భూమి అనగానే మనకు పోరంబోకు గుర్తొస్తుంది. అంటే ఎవరిదీ కాదు, ఎవడు ముందు పాక వేస్తే వాడిది. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని సామెత కట్టింది మనమే కదా. ఇక్కడి పబ్లిక్ ల్యాండ్ అలా కాదు. అది అందరిదీ, అందుకని అందులో మీ హక్కు ఎంతో పక్కవాడిదీ అంతే. మీకు నచ్చిన చోట అప్పటికే ఒక కారు ఆగి ఉంటే, గుడ్ మార్నింగ్ చెప్పి ఇంకో చోటికి పొండి. సరిహద్దు దాటితే అవతల ప్రైవేటు భూమి, అక్కడ మీరు దొంగ కింద లెక్క. ఆరెంజ్ చొక్కా సోకు కోసం కాదు, పక్కవాడి తూటా మీకు తగలకుండా ఉండటానికి. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ జోలికి వెళ్లేముందు చట్టం ఏమంటోందో తప్పనిసరిగా కనుక్కోండి. స్నేహితుడి మాట నమ్మకండి.

ఒకసారి ఒక ఐటీ బృందం వేటకని వచ్చింది. మడత కుర్చీలు, పులిహోర ట్రే, బ్లూటూత్ స్పీకర్. చీకటితోనే వచ్చి ఎండెక్కేదాకా మాట్లాడుకుంటూ కూర్చుని, "ఇక్కడ జింకల్లేవు మేడమ్, మీ మ్యాప్ తప్పు" అని నాకే కంప్లైంట్ చేశారు. పులిహోర మాత్రం బాగుంది.

కిరణ్

మా ఊళ్లో తెలుగువాళ్లు పెరిగాక, వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక క్లాసు పెట్టాను. దానికి వచ్చినవాడే కిరణ్. నల్గొండ అబ్బాయి, టెస్టింగ్‌లో ఉద్యోగం, గ్రీన్‌కార్డ్ కోసం ఎదురుచూస్తున్న లక్షలమందిలో ఒకడు. మిగతావాళ్లు ఫొటోల కోసం వస్తే, ఇతను నిజంగా నేర్చుకోవడానికి వచ్చాడు. నేను చెప్పినట్టే ఒక సీజనంతా ఉత్త చేతులతో నడిచాడు. తుపాకీ గొడవ వద్దని క్రాస్‌బో కొనుక్కున్నాడు. మీట నొక్కితే బాణం వదిలే విల్లు అది. దాంతో వాళ్ల పెరట్లో గడ్డి మోపు మీద ఎంత సాధన చేశాడంటే, వాళ్లావిడ స్రవంతి "పెరట్ల బట్టలు ఆరేయాలన్నా భయమైతున్నది అక్కా" అని నాతో మొరపెట్టుకుంది.

ఆ క్లాసులో ఎర గురించి చెప్పాలి. మా దగ్గర పబ్లిక్ ల్యాండ్‌లో తిండి పెట్టి జింకను రప్పించి వేటాడటం నేరం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. "మొక్కజొన్న, ఉప్పు, పండ్లు, ధాన్యం, మరే ఇతర తిండి అయినా." చదివి పేజీ తిప్పాను. ఎందుకు నేరమో చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు. పైగా అందరూ నిద్ర ముఖాలతో ఉన్నారని, నవ్వించడానికి ఒక మాట విసిరాను. "దసరాకి నేను నా ట్రక్కుకీ, బైనాక్యులర్‌కీ బొట్టు పెడతాను. మీరూ మీ ఆయుధాలకి పూజ చేసుకుని వెళ్లండి, గురి తప్పదు" అన్నాను. క్లాసు గొల్లుమంది. కిరణ్ మాత్రం నవ్వలేదు, తలూపాడు. నేను చూశాను కూడా. అతనికి నచ్చిందని మురిసిపోయాను.

దసరా మర్నాడు

ఆ తరువాతి ఏడు దసరా మర్నాడు పొద్దున్నే వార్డెన్ రస్సెల్ నుంచి ఫోన్ వచ్చింది. అడవుల్లో వేట చట్టాలు చూసే పోలీసు అతను. మంచివాడే, కానీ మాట కట్టె విరిచినట్టు ఉంటుంది.

"మీవాళ్లలో ఒకడు. వచ్చి చూడు. నాకేమీ అర్థం కావడం లేదు" అన్నాడు.

'మీవాళ్లు' అన్న మాటకు దారి పొడుగునా ఉడుక్కుంటూనే వెళ్లాను. పార్కింగ్ దగ్గర కిరణ్ నిలబడి ఉన్నాడు. ఆరెంజ్ చొక్కా, బూట్లకు బురద. పక్కన టార్పాలిన్ మీద ఆడ జింక. బాణం పడాల్సిన చోటే పడింది, ఎక్కువ దూరం పరిగెత్తకుండానే పోయిందని చూడగానే తెలిసింది. నన్ను చూసి అతని ముఖం విచ్చుకుంది. నేను అభినందించడానికి వచ్చాననుకున్నాడు.

"అక్కా! ఫస్ట్ జింక! సార్ ఏందో అడుగుతున్నడు, నాకు సమజైతలేదు. మీరు జర చెప్పున్రి."

రస్సెల్ మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లాడు. కిరణ్ మంచె కట్టుకున్న ఓక్ చెట్టు దగ్గర ఆగాం. చెట్టు మొదలుకి పసుపు రాసి ఉంది. దాని మీద కుంకుమ బొట్లు. కొట్టిన కొబ్బరికాయ చిప్పలు రెండు. కుంకుమ పూసి పగలగొట్టిన గుమ్మడికాయలో సగానికి పైగా ఎవరో తినేసినట్టు ఉంది. విస్తరిలో నాలుగు ఉప్పు గుగ్గిళ్లు, బెల్లం అంటిన మరక. చుట్టూ మెత్తటి నేల మీద గిట్టల గుర్తులు.

మొదట నాకు వచ్చింది జాలి కాదు. సిగ్గు. రస్సెల్ ముందు ఆ పసుపును చూసి, ఆ విస్తరిని చూసి, నా ఇంట్లో వస్తువులు రోడ్డు మీద పడేసినట్టు ఒళ్లు కుంచించుకుపోయింది. ఆ సిగ్గులో కిరణ్‌ని ఇంగ్లీషులో గద్దించాను. "వాట్ ఈజ్ దిస్, కిరణ్?"

అతను తెలుగులోనే జవాబు చెప్పాడు. "నిన్న దసరా గదక్కా. జమ్మి ఈడ దొరకదు, గీ చెట్టునే జమ్మి అనుకున్న. విల్లు పెట్టి పూజ చేసిన. అడవి తల్లికి నైవేద్యం పెట్టిన. మీరే చెప్పిన్రు గద, ఆయుధాలకు పూజ చేస్కొమ్మని."

"ఎర గురించి కూడా చెప్పాను కదా!"

"చెప్పిన్రు." నా ముఖంలోకి చూశాడు. "నైవేద్యం ఎరెట్లయితదక్కా?"

రస్సెల్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఇది మతమా, ఎరా?" అని అడిగాడు.

"పూజ. కానీ చట్టం ప్రకారం ఎరే" అన్నాను. "తప్పు నా క్లాసుది. పూజ చేయమని చెప్పింది నేనే."

"చెట్టు కింద గుమ్మడికాయ పెట్టమన్నావా?"

"ఆయుధానికి బొట్టు పెట్టమన్నాను."

"బొట్టు మీద కేసు లేదు" అన్నాడు రస్సెల్, టికెట్ రాస్తూ. అతని పని అతను చేశాడు. నేను వార్డెన్ అయినా అదే చేసేదాన్ని. జింకను ఇల్లులేనివాళ్లకు అన్నం పెట్టే వంటశాలకు పంపిస్తామన్నాడు. విల్లు తీసుకుని ట్రక్కులో పెట్టాడు.

కిరణ్ నా దగ్గరికి జరిగాడు. "ఇది రికార్డుల ఎక్కుతదా అక్కా? నా గ్రీన్‌కార్డ్ పెండింగ్‌ల ఉన్నది. స్రవంతికి ఏం చెప్పాలె?"

"చూద్దాం, నేనున్నాను" అన్నాను. ఏం చూస్తానో, ఎలా ఉంటానో నాకే తెలియదు.

తిరిగి నడుస్తుంటే అతను వెనక్కి తిరిగి ఆ గిట్టల గుర్తుల్ని చూశాడు. రస్సెల్ ముందు వెళ్లిపోయాడు. మేమిద్దరమే ఉన్నాం.

"అంటే నేను దానికి అన్నం పెట్టి, పిలిచి చంపిన్నా అక్కా?"

"నీకు తెలియక చేశావు కిరణ్."

"దానికీ తెల్వదు గదక్కా" అన్నాడు.

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అన్నేళ్లు ఆ రూలు చెప్పాను. మొక్కజొన్న, ఉప్పు, పండ్లు, ధాన్యం అని అప్పజెప్పాను. అన్నానికి పిలిచినవాళ్లని చంపకూడదు అన్న ఒక్క ముక్క, ఏ ఇంట్లో పిల్లాడికైనా అర్థమయ్యే ముక్క, నా నోట ఎప్పుడూ రాలేదు. నేను చెప్పి ఉంటే కిరణ్ ఆ విస్తరి ఆ చెట్టు కింద వేసేవాడు కాదు. ఇంట్లో తులసికోట దగ్గర వేసి వచ్చేవాడు.

కోర్టు బయట

కోర్టుకు వెళ్తానంటే మా డైరెక్టర్‌కు నచ్చలేదు. అప్పటికి వాల్టర్ పోయాడు, ఈయన కొత్తగా వచ్చాడు. "ఇన్‌స్ట్రక్టర్లు నేరస్తుల తరఫున నిలబడటం మొదలుపెడితే ఎలా?" అన్నాడు. సెలవు పెట్టి, యూనిఫాం వదిలేసి, చీర కట్టుకుని వెళ్లాను. జడ్జి ముందు ఉన్నది చెప్పాను. ఈ అబ్బాయి రూలు విన్నాడు, పరీక్ష పాసయ్యాడు, అయినా దేవుడికి పెట్టిన తిండి ఎర అవుతుందని అతనికి తోచేటట్టు నేను చెప్పలేకపోయాను, అన్నాను. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే పని ఏదైనా ఉంటే ఇదొక్కటే, అదీ సెలవు పెట్టి చేసింది. జడ్జి ఒక ముసలావిడ. క్లాసు మళ్లీ చేయమని, ఆ ఏడు వేట మానేయమని చెప్పి కేసు కొట్టేసింది. స్రవంతి అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేసింది.

కథ అక్కడితో ఆపేస్తే నాకు బాగానే ఉండేది.

బయట పార్కింగ్‌లో స్రవంతి కారు తేవడానికి వెళ్లింది. కిరణ్ నా పక్కన నిలబడ్డాడు. చాలా రోజుల తరువాత అతని ముఖం తేటగా ఉంది.

"అక్కా, ఒకటి అడగనా? మా ఇంటి కాడ చెట్ల నడుమ నడిచే తొవ్వ ఉన్నది గద, ఆడ బోర్డు పెట్టిన్రు. జింకలు బాగ పెరిగినయ్, తగ్గిస్తున్నం, సాయంత్రాలు ఎవ్వలు రావొద్దని. కింద మీ పేరున్నది. గది ఎట్ల చేస్తరు?"

ఊరికే తెలుసుకుందామని అడిగాడు. ఎత్తిపొడవడానికి కాదు. అతనికి ఎత్తిపొడవడం రాదు.

వేట అనుమతి లేని ఊళ్లలో జింకలు మితిమీరితే కార్ల కింద పడతాయి, పొదలన్నీ మేసేసి చలికాలం ఆకలితో చస్తాయి. అప్పుడు మమ్మల్ని పిలుస్తారు. చట్టం అనుమతించిన పని, నేనే ప్లాన్ వేసే పని. ఒకేచోట, ఒకే వేళకు, రోజూ మొక్కజొన్నలు పోస్తాం. మొదట్లో భయపడతాయి. తరువాత అలవాటు పడతాయి. ఆ గింజలు పోయడానికి నేనే వెళ్లేదాన్ని, ఇంకెవరిమీదా నమ్మకం లేక. కొన్నాళ్లకు నా ట్రక్కు చప్పుడు వింటే చాలు, చెట్ల మధ్య నుంచి తల్లులు, వాటి వెనక పిల్లలు బయటికి వచ్చేవి. అన్నీ వస్తున్నాయని నమ్మకం కుదిరాక గురి చూసి కాల్చేవాళ్లను పిలిచేదాన్ని.

ఇంత వివరంగా అతనికి చెప్పలేదు. "మొక్కజొన్నలు పోస్తాం" అన్నాను, అంతే.

కిరణ్ తల తిప్పి నన్ను చూశాడు. అతనికి అర్థమైందని నాకు తెలిసింది. అడవిలో నన్ను అడిగిన ప్రశ్న ఇప్పుడు మళ్లీ అడుగుతాడని ఎదురు చూశాను. అడిగితే తట్టుకునేదాన్ని. తిట్టినా తట్టుకునేదాన్ని.

"మీకు పర్మిషన్ ఉంటది గదక్కా" అన్నాడు మెల్లగా. "మీది వేరే."

మనస్ఫూర్తిగా అన్నాడు. నన్ను కాపాడటానికి అన్నాడు. కోర్టులో నేను అతని కోసం నిలబడ్డందుకు, పార్కింగ్‌లో అతను నా కోసం నిలబడ్డాడు. నా ఉద్యోగంలో వాల్టర్ తిట్లు తిన్నాను, డైరెక్టర్ చీవాట్లు తిన్నాను, ఏదీ ఆ మాటంత లోతుగా దిగలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఈ శాఖలో చేరేవాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఒక మాట ఖచ్చితంగా చెప్తాను. ఆ జింకలను తగ్గించడం తప్పని నేను అనడం లేదు. ఆకలితో చలికాలం చచ్చిన జింకను కోసి చూసినదాన్ని నేను. లోపల చెట్టు బెరడు తప్ప ఏమీ ఉండదు. ఇప్పుడు మళ్లీ సంతకం పెట్టమన్నా పెడతాను. కానీ పని సరైనదైనంత మాత్రాన సిగ్గు పోదు. పోయిందని ఎవరైనా చెప్తే వాళ్ల దగ్గర పని నేర్చుకోకండి.

ఆ తరువాత ప్రతి క్లాసూ ఒకే మాటతో మొదలుపెట్టాను. అన్నానికి పిలిచినదాన్ని చంపకూడదు, ఎర రూలు అంటే అంతే. ఇక్కడి ముసలి వేటగాళ్లు కూడా తలలు ఊపేవారు. ఒకాయన "ఈ మాట మీ దేశంలో నేర్చుకున్నావా?" అని అడిగాడు. "కాదు, ఒక స్టూడెంట్ దగ్గర" అన్నాను.

అయినా ఊరి జింకల పని మానలేదు. ఆ తరువాతి చలికాలం మళ్లీ పిలుపొస్తే వెళ్లాను. ఒక్క మార్పు చేశాను. నా ట్రక్కు తీసుకెళ్లలేదు, ఆఫీసు వ్యాన్ తీసుకెళ్లాను. నా చప్పుడుకి అవి రాకూడదని నా పిచ్చి. కొన్నాళ్లకు వాటికి ఆ వ్యాన్ చప్పుడు కూడా అలవాటైంది.

కిరణ్ ఇప్పుడు మళ్లీ వేటకు వెళ్తున్నాడు, అదే పబ్లిక్ ల్యాండ్‌కి. ఎక్కువసార్లు ఉత్త చేతులతోనే వస్తాడు. గాలి మారిందనో, పిల్ల పక్కన ఉందనో వదిలేస్తాడు. మీలో ఎవరైనా నిజంగా నేర్చుకోవాలంటే నాకు ఫోన్ చేయకండి, అతనితో వెళ్లండి.

ప్రతి దసరాకీ స్రవంతిని తీసుకుని మా ఇంటికి వస్తాడు. గుళ్లో ఎవరో ఇండియా నుంచి తెప్పించిన జమ్మి ఆకు, ఎండిపోయి పొడిపొడిగా ఉంటుంది, జేబులో జాగ్రత్తగా పెట్టుకుని తెస్తాడు. జమ్మి ఆకునే బంగారం అంటూ పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడం వాళ్ల ఊరి పద్ధతి. మొన్న దసరాకి కూడా వచ్చాడు. గుమ్మంలోనే వంగి, "బంగారం తీస్కోన్రి అక్కా" అన్నాడు.

చేయి చాచాను. మొక్కజొన్నలు పోసింది ఆ చేత్తోనే. నాకు వేరే చెయ్యి లేదు.